నాలుక మెచ్చిన నీళ్లు

పోయిన వారం కథలో లిడియాని చర్చి మెట్ల దగ్గర వదిలిపెట్టి వచ్చాం. మధ్య ఆఫ్రికాలో మొంబేలా అనే పల్లెటూళ్లో మిషన్ ఆసుపత్రి నర్సుగా ఆరేళ్లు చేసి, నెల రోజుల సెలవు మీద ఇల్లు చేరిన పిల్ల. వచ్చే ఆదివారం సంఘం తరపున శాలువా కప్పి సన్మానం చేస్తామని జయరావు పాస్టరు గారు సంబరంగా ప్రకటిస్తే, "నాకొద్దండీ అయ్యగారూ, అలాంటివేమీ పెట్టుకోకండి" అని నిండు సంఘంలో లేచి చెప్పేసి, చెప్పులు తగిలించుకుని విసవిసా వెళ్లిపోయింది. పాస్టరు గారు తెరిచిన బైబిలు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ఆ రోజు నుంచి ఏటుకూరివారిపాలెంలో ఒకటే గుసగుస. పిల్లకి పొగరెక్కిందని కొందరు, దూరదేశంలో జరగరానిదేదో జరిగిందని కొందరు. అనేవాళ్లకేం, ఊరి నోటికి మూత ఎక్కడుంది.

ఆ సన్మానం ఎందుకో తెలియాలంటే పిడికెడు బియ్యం సంగతి చెప్పుకోవాలి. ఈ సంఘంలో ఆడవాళ్లు ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి పక్కన డబ్బాలో వేస్తారు. కూలి దొరికిన రోజైనా, దొరకని రోజైనా ఆ పిడికెడు ఆగదు. ఇంటాయన అలిగి అన్నం మానేసిన రోజు కూడా ఆగదు. ఆదివారం పొద్దున డబ్బాలన్నీ చర్చిలో గోనెసంచిలోకి ఒంపుతారు. నాలుగేళ్లు అలా పోగైన పిడికెళ్లే మొంబేలాలో బోరింగు పంపుగా నిలబడ్డాయి. ఆ పంపు ఫోటో చర్చి గోడకి ఉంది. పర్చూరు దాటి ఎరగని ఆడవాళ్లు కూడా ఆ ఫోటో ముందు నిలబడి "మన బోరింగు" అంటారు. మరి అంటారు, వాళ్ల కడుపులోంచి తీసింది కదా.

ఈ పిడికెళ్లకి పెద్ద, లిడియా పెద్దమ్మ అంకమ్మ. అరవై రెండేళ్లు, అక్షరం ముక్క రాదు. తల్లి లేని లిడియాని పదేళ్ల వయసు నుంచి మిరపకాయ కూలి డబ్బులతో పెంచి, చీరాలలో నర్సింగు చదివించింది. ఆదివారం నుంచి ఆవిడ లిడియాని ఒక్క మాట అడగలేదు. అడగకపోవడమే లిడియాకి ఎక్కువ భయంగా ఉంది. తిడితే ఏడ్చేసి తేలికపడొచ్చు. మాట్లాడకుండా కంచంలో ఇంకో గరిటె పప్పు వేసే మనిషిని ఏం చెయ్యగలం.

బుధవారం మధ్యాహ్నం మూడింటికి లిడియా తనే కల్లానికి వెళ్లింది. వేణుగోపాల్ రైతుది ఆ కల్లం. నేలంతా ఎర్రగా మిరపకాయలు పరిచి ఉన్నాయి. ఎండకి ఘాటు లేచి కళ్లు మండుతున్నాయి. తక్కిన కూలీలు టీకి వెళ్లారు. అంకమ్మ మాత్రం తలకి గుడ్డ చుట్టి, ముక్కుకి కొంగు బిగించుకుని, పట్టా కింద నీడలో కూర్చుని, రంగు పోయిన తాలుకాయల్ని వేరు చేస్తోంది.

"వచ్చావా. కూర్చో. చేతులకి గుడ్డ చుట్టుకో, అలవాటు తప్పినదానివి" అంది అంకమ్మ తలెత్తకుండా.

లిడియా కూర్చుంది. కాసేపు ఇద్దరూ కాయలు ఏరారు. లిడియా వేళ్లు పాత పనిని మర్చిపోలేదు గాని, కళ్లు మాత్రం కాయల మీద లేవు. మంచి కాయల్ని తీసి తాలు కుప్పలో వేస్తోంది. అంకమ్మ మూడుసార్లు చూసి ఊరుకుంది. నాలుగోసారి ఆ చెయ్యి పట్టుకుంది.

"ఏందే ఇది? రైతు చూస్తే నా కూలి కోసేస్తాడు. చెప్పు. అయ్యగారి మాట అట్టా తీసేశావంటే ఉత్తినే తీసేసే పిల్లవి కాదు నువ్వు. ఎవుడైనా ఏమన్నా అన్నాడా అక్కడ?"

"లేదు పెద్దమ్మా."

"పెళ్లి మాటేమన్నానా? నేననకుండా ఐదేళ్లయింది."

"అది కాదు."

"మరి శాలువా కప్పుతామంటే పాము మీదేసినట్టు ఎందుకు అదిరిపడ్డావు? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు."

ఆ సామెత అంకమ్మ నవ్వుతూనే అంది. అనేశాక లిడియా మొహం చూసి ఆవిడ నవ్వు ఆగిపోయింది. ఈ పిల్ల మొహం ఆవిడకి కంఠతా వచ్చు. పదో తరగతిలో లెక్కల పరీక్ష తప్పినప్పుడు ఇదే మొహం. తల్లి శవం దగ్గర కూర్చున్నప్పుడూ ఇదే మొహం.

"దొంగనే పెద్దమ్మా" అంది లిడియా. "మీ బోరింగు నీళ్లు తాగి తొమ్మిది మంది పిల్లలు జబ్బుపడ్డారు. ఒక పాప చచ్చిపోయింది. ఆ నీళ్లు తాగమని చెప్పింది నేనే."

అంకమ్మ చేతిలో కాయలు అలాగే ఉన్నాయి. రోడ్డు మీద చిలకలూరిపేట మిల్లుకి పత్తి లోడుతో వెళ్లే లారీ ఒకటి హారను కొట్టుకుంటూ పోయింది. అది పోయేదాకా ఆగి, అంకమ్మ ముక్కు మీది కొంగు విప్పుకుంది.

"మొదట్నుంచీ చెప్పు. నిదానంగా చెప్పు. నాకర్థమయ్యేట్టు చెప్పు."

లిడియా చెప్పింది. నెలన్నరగా లోపల కుక్కిపెట్టుకున్న మాటలు, ఒకటి బయటికి రాగానే తక్కినవన్నీ తోసుకొచ్చాయి.

"బోరు వేశాక నీళ్లు సీసాలో పట్టి రాజధానికి పరీక్షకి పంపాం. ఇంతలో వానలకి దారి తెగిపోయింది. రిపోర్టు ఎప్పుడొస్తుందో తెలీదు. అది వచ్చేదాకా పంపుకి తాళం వేసి ఉంచాలని రూలు. తాళంచెవి నా దగ్గరే. రోజూ ఆడవాళ్లు డబ్బాలు పట్టుకుని వచ్చి అడిగేవాళ్లు. అప్పటిదాకా వాళ్లు తాగేది వాగు నీళ్లు పెద్దమ్మా. గేదెలు పొర్లాడిన మన కుంట నీళ్లే నయం. చూడలేక ఒకరోజు తాళం తీశాను. పంపు కొట్టి దోసిలి పట్టి తాగాను. తియ్యగా ఉన్నాయి. అంత తియ్యటి నీళ్లు నా జన్మలో తాగలేదు. ఇంక పరీక్ష ఎందుకులే అనిపించింది. 'చాలా బాగున్నాయి, పట్టుకోండి' అన్నాను. ఆ రోజు వాళ్లు నన్ను మధ్యలో నిలబెట్టి డాన్సులు చేశారు."

అంకమ్మ కళ్లు మూసుకుంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఏటుకూరివారిపాలెంలో ఎక్కడ బోరు వేసినా పడేవి ఉప్పునీళ్లే. అన్నం ఉడకదు, సబ్బు నురగ రాదు. ఇప్పుడంటే క్యాన్లు వచ్చాయి గాని, లిడియా చిన్నప్పుడు నీళ్ల కోసం రెండు మైళ్లు నడిచేవాళ్లు. ఎక్కడ కొత్త బావి కనపడినా అంకమ్మ ముందు పిల్ల నాలుక మీద ఒక చుక్క వేసేది. తియ్యగా ఉంటే బిందె దించేవాళ్లు, ఉప్పగా ఉంటే ముందుకి నడిచేవాళ్లు. ఈ నేల మీద పుట్టినవాళ్లకి నీళ్లలో రెండే రకాలు. మూడో రకం ఒకటుంటుందని లిడియా నర్సింగు పుస్తకాల్లో చదువుకుంది, పరీక్ష కూడా రాసింది. కాని దాహంతో ఉన్న జనం మధ్య దోసిలి పట్టినప్పుడు ఆమెకి గుర్తొచ్చింది పుస్తకం కాదు, పెద్దమ్మ.

"మరి ఏముంది ఆ నీళ్లలో?" అంది అంకమ్మ.

"పైన గట్టు మీద పాత మరుగుదొడ్ల గుంటలున్నాయి. వానలకి ఆ మురుగంతా దిగి బోరులో కలిసింది. టైఫాయిడ్. ఆ పురుగు నాలిక్కి తెలియదు కదా పెద్దమ్మా. పిల్లలకి జ్వరాలొస్తే మలేరియా అనుకున్నాం, అక్కడ అదే ఎక్కువ. మలేరియా మందులే ఇచ్చాం. ఎనిమిది మంది ఎలాగో లేచారు. నోయెలా లేవలేదు. నాలుగేళ్ల పాప. నా మెడలో స్టెతస్కోపు లాక్కుని నా గుండెకే పెట్టి వినేది. ఆ పాపని పూడ్చి వచ్చిన రోజు రిపోర్టు కవరు విప్పి చదివాను. నీళ్లు తాగడానికి పనికిరావని ఉంది."

లిడియా ఏడుస్తోంది. మిరప ఘాటు అంటిన చేత్తో కళ్లు తుడుచుకోబోతే అంకమ్మ ఆ చెయ్యి గభాలున పట్టుకుని, తన కొంగుతో తుడిచింది. చిన్నపిల్లకి తుడిచినట్టే, బుగ్గలూ ముక్కూ కలిపి తుడిచింది.

"నాలిక మీద చుక్కేసి చూడమని నేర్పింది నేను. ఆ తప్పులో సగం నాది. నువ్వొక్కదానివే మొయ్యబాక" అంది.

"అట్లా అనకు పెద్దమ్మా. నువ్వు చదువుకోలేదు. నేను చదువుకున్నాను."

"చదువుకున్నావు. నా కూతురివి కూడా. సరే, ఇప్పుడు ఆ బోరింగు ఏమైంది?"

"పంపు కొట్టే చెయ్యి ఊడదీసి స్టోరురూములో పెట్టించాను. ఎవరూ కొట్టకుండా."

"ఊళ్లోవాళ్లు ఏమన్నారు?"

లిడియా ఇంకో కాయ తీసుకుని తొడిమ గిల్లుతూ కూర్చుంది.

"నిన్నేనే అడిగేది. నీళ్లలో పురుగుందని చెబితే ఏమన్నారు వాళ్లు?"

"చెప్పలేదు" అంది లిడియా. "రిపేరు అని చెప్పాను. వెళ్లేలోపు ఊరందరికీ నిజం చెప్పమని పెద్ద డాక్టరు గారు ఎన్నోసార్లు అన్నారు. చెప్పేశానని ఆయనకి అబద్ధం చెప్పి విమానం ఎక్కాను. ఆయన మీటింగులని రాజధానికి వెళ్లారు. నా వల్ల కాలేదు పెద్దమ్మా. ఆ పాప తల్లి ఓడెట్, నేను వచ్చేసే రోజు ఆసుపత్రి గేటు దాకా వచ్చింది. ఉడకబెట్టిన వేరుశనక్కాయలు మూట కట్టిచ్చింది దారిలో తినమని. నా బిడ్డకి చివరిదాకా నువ్వే సేవ చేశావంది. ఆమె కళ్లలోకి చూసి ఎట్లా చెప్పను?"

 అంకమ్మకి కోపం వచ్చింది. ఈ పిల్ల మీద ఇంత కోపం ఎప్పుడూ రాలేదు. ప్రేమ కూడా ఇంత ఎప్పుడూ రాలేదు. రెండూ ఒక్కసారే వస్తే మనిషికి ఊపిరి సరిగా ఆడదు. ఆవిడకీ ఆడలేదు. చెంబులో నీళ్లు రెండు గుక్కలు తాగి, అప్పుడు నోరు విప్పింది.

"లిడియమ్మా, ఇను. తెలియక చేసింది తప్పు. దేవుడి ముందు మోకాళ్లేస్తే తీరిద్ది. తెలిసి దాచావు చూడు, అది మోకాళ్లతో తీరదు. బిడ్డని పోగొట్టుకున్న తల్లికి ఆ బిడ్డ ఎందుకు పోయిందో తెలియకపోతే ఎట్టా ఉంటదో నీకు తెలుసా? నాకు తెలుసు."

లిడియాకి తెలుసు. అంకమ్మకి ఒక్కడే కొడుకు. ఏడేళ్ల వాడికి పొద్దున జ్వరమొచ్చింది, మర్నాటికి లేడు. ఏం జబ్బో ఏ డాక్టరూ చెప్పలేదు. ముప్ఫై ఏళ్లయినా అంకమ్మ ఇప్పటికీ, ఆ ముందురోజు వాడికి పెట్టిన చద్దన్నం వల్లేనేమో అనుకుంటుంది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ చద్దన్నం తినలేదు.

"ఆ ఓడెట్టు కూడా అట్టాగే తననే తిట్టుకుంటా ఉంటది. ఏం పెట్టానో, ఎక్కడ తిప్పానో అని. ఫోను చెయ్యి."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. అక్కడ పొద్దున కదా?"

"పదిన్నర, పదకొండవుతుంది. పెద్దమ్మా, ఆదివారం సంఘంలో చెబుతాను. అందరి ముందూ ఒప్పుకుంటాను. ఆమెకి తిరిగి వెళ్లాక..."

"సంఘం సంగతి నేను చూసుకుంటా. పక్కన నిలబడతా. శాలువా నీక్కాకపోతే అయ్యగారే కప్పుకుంటారు. ముందు చెప్పాల్సింది మాకు కాదు, ఆమెకి. అరచెయ్యి అడ్డం పెట్టి పొద్దుని ఆపలేవే. తియ్యి ఫోను."

మొంబేలాలో పంపు చూసుకోవడానికి ఆడవాళ్ల కమిటీ ఒకటుంది. దానికి పెద్ద ఓడెట్టే. అందుకని ఆసుపత్రివాళ్లు ఆమెకి ఒక ఫోను ఇచ్చారు. లిడియా వాట్సాప్‌లో ఆ పేరు మీద వేలు పెట్టి ఆగిపోయింది. అంకమ్మ ఆ వేలి మీద తన వేలు పెట్టి నొక్కేసింది. వీడియో కాల్ మోగింది. రెండుసార్లు తెగిపోయి, మూడోసారి కలిసింది.

తెర మీద ఒక నల్లటి నిండు మొహం, తలకి పసుప్పచ్చ గుడ్డ. లిడియాని చూడగానే ఆ మొహమంతా నవ్వు.

"సిస్టర్" అంది ఓడెట్ వాళ్ల భాషలో. "నిన్నే తలుచుకుంటున్నాం. నీ ఇల్లు చేరావా? మీవాళ్లు బాగున్నారా? ఆ పక్కనెవరు, మీ అమ్మా?"

"అమ్మే" అంది లిడియా.

అంకమ్మ ఫోనులోకి వంగి చూసి, "నాకు మల్లేనే తలకి చుట్టుకుందే, ఎండకి" అని, చేతులు రెండూ జోడించి "వందనాలమ్మా" అంది. అటువైపు ఓడెట్ కూడా చూసి నేర్చుకున్నట్టు ఒక చెయ్యి ఎత్తి పెట్టింది. ఆ ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి తెలియదు. ఒకరినొకరు చూసుకుని నవ్వుకోవడానికి మాత్రం ఏ భాషా కావలసి రాలేదు.

"ఓడెట్, నీకొక మాట చెప్పాలని..."

"ముందు నేను చెప్పాలి. నీకు చెప్పకుండా ఒక పని చేశాం. చూడు, చూడు."

ఓడెట్ ఫోను అటు తిప్పింది. తెర అంతా ఊగింది. ఎర్రమట్టి దారి, ఆసుపత్రి గోడ, తర్వాత ఒక వరస. పసుప్పచ్చ డబ్బాలు పట్టుకున్న ఆడవాళ్ల వరస. ఆ వరస చివర బోరింగు పంపు. దానికి కొత్త ఇనుప చెయ్యి. ఒకామె పైకీ కిందికీ కొడుతోంది. తెల్లగా, ధారగా నీళ్లు పడుతున్నాయి.

"రిపేరు అన్నావు కదా" అంటోంది ఓడెట్ వెనకనుంచి. "నువ్వు సెలవు మీద వెళ్లావు, డాక్టరు గారేమో ఇంకా రాలేదు. ఎంతకాలమని వాగు నీళ్లు తాగుతాం? పక్క ఊరి కమ్మరిని తెచ్చాం. చెయ్యి లేదు తప్ప పంపుకి ఏ జబ్బూ లేదన్నాడు. నాలుగు రోజులయింది సిస్టర్, నీ పంపు బతికింది. మీ ఊరి అమ్మలకి చెప్పు."

తెర మళ్లీ తిరిగింది. ఓడెట్ చంకలో రెండేళ్ల పిల్ల ఉంది. నోయెలా చెల్లెలు. రేకు గ్లాసు రెండు చేతులతో పట్టుకుని గుటగుటా తాగుతోంది.

 లిడియా తెలుగులో "పెద్దమ్మా, తాగుతున్నారు" అంది. అంత చిన్న గొంతుతో అన్నా అంకమ్మకి వినపడింది. ఆవిడకి అంతా అర్థమైంది. ఆవిడ లిడియా భుజం మీద చెయ్యి వేసి, మెత్తగా కాదు, గట్టిగా నొక్కింది.

"చెప్పు" అంది. "పిల్ల చేతిలో గ్లాసు ఉందే. చెప్పు."

"ఓడెట్, ఆ గ్లాసు తీసెయ్యి" అంది లిడియా.

"ఏంటి? సరిగా వినపడలేదు."

"పాప చేతిలో గ్లాసు తీసెయ్యి. ఎవరినీ తాగనివ్వకు. పంపు పాడవలేదు ఓడెట్. నీళ్లే పాడయ్యాయి. పైనున్న మరుగుదొడ్ల మురుగు అందులో కలిసింది. పిల్లలకి వచ్చింది మలేరియా కాదు, ఈ నీళ్ల వల్ల వచ్చిన జ్వరం. రాజధాని నుంచి కాగితం వచ్చింది. నాకు తెలుసు. తెలిసి మీకు రిపేరని అబద్ధం చెప్పాను."

నవ్వు ఓడెట్ మొహం మీద ఇంకా ఉంది. వెళ్లిపోవడం మర్చిపోయినట్టు కాసేపు అలాగే ఉంది. తర్వాత ఆమె పాప చేతిలోంచి గ్లాసు లాక్కుంది. పాప ఏడుపు లంకించుకుంది. ఓడెట్ వెనక్కి తిరిగి ఏదో కేక పెట్టింది. పంపు చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది. డబ్బాల్లోంచి నీళ్లు నేల మీద ఒలకబోస్తున్న చప్పుడు ఒకటొకటిగా వినిపించింది.

అంకమ్మ కళ్లు మూసుకుని పెదాలు కదుపుతోంది, ప్రార్థనే. లిడియాకి ప్రార్థన రాలేదు. గుండెల మీంచి ఒక బండ లేచినట్టుంది, ఆ బండ ఇంకా గాల్లోనే ఉన్నట్టుంది. ఆ పాప ఇవాళ తాగిన గ్లాసు ఎన్నోదో అని లెక్క వేసుకుంటోంది. ఈ రోజే ఫ్లయిటు ఎక్కితే ఎప్పటికి చేరుతుందో అని లెక్క వేసుకుంటోంది.

ఓడెట్ మొహం మళ్లీ తెర మీదికి వచ్చింది. ఏడవడం లేదు. తిట్టడం లేదు. ఏడుస్తున్న పాపని భుజాన వేసుకుని, వీపు మీద నెమ్మదిగా తడుతోంది.

"సిస్టర్" అంది. "ఆ కాగితం నీ దగ్గరికి ఎప్పుడొచ్చింది? నా నోయెలా పోకముందా, పోయాకా?"

"ఏమంటందే?" అంది అంకమ్మ.

 పాపని పూడ్చి వచ్చిన రోజు కవరు విప్పి చదివానని లిడియా పెద్దమ్మకి చెప్పింది. అది నిజమే. ఆ కవరు అంతకి నాలుగు రోజుల ముందే వచ్చి, డ్యూటీ హడావిడిలో విప్పకుండా తన బల్ల మీద పడి ఉందని మాత్రం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.